పార్టీ ఫిర్యాదుల కమిటీలో పనిచేయాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఏదో ఒక పార్టీలోనో, దాని విద్యార్థి, యువజన, మహిళా సంఘాల్లోనో వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీలో జీతం లేకుండా పనిచేయడానికి ముందుకొచ్చేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఏ పార్టీ అన్నది పక్కన పెట్టండి, ఏ జెండా కిందైనా అడిగే ప్రశ్నలు దాదాపు ఇవే. జిల్లా స్థాయిలో ఈ పని చేసిన అనుభవంతో చెబుతున్నాను కాబట్టి కొన్నిచోట్ల నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది.

పార్టీలో ఇలాంటి కమిటీ ఉండాలని చట్టం చెబుతోందా?

ప్రస్తుతానికి లేదు. పని ప్రదేశాల్లో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధక చట్టం 2013లో వచ్చింది, పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలంది. ఉద్యోగి అంటే ఎవరో చెప్పేచోట జీతం ఉన్నా లేకున్నా, స్వచ్ఛందంగా పనిచేసినా అని కూడా రాసి ఉంది. అది చూసి చాలామంది, కార్యకర్తలు కూడా దీని కిందికి వస్తారు కదా అనుకున్నారు. కానీ 2022 మార్చిలో కేరళ హైకోర్టు, పార్టీకి దాని సభ్యులకు మధ్య యజమాని-ఉద్యోగి సంబంధం లేదు కాబట్టి పార్టీలు ఈ కమిటీ వేయాల్సిన పనిలేదని చెప్పింది. దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్తే 2025 సెప్టెంబర్‌లో అక్కడా కొట్టేశారు. పార్టీలో చేరడం ఉద్యోగంలో చేరడం కాదన్నది కోర్టు మాట.

నాకు ఈ తీర్పు నచ్చలేదు. రాత్రి పదకొండింటిదాకా బూత్ లిస్టులు సరిచూసే అమ్మాయికి అది పని ప్రదేశం కాకపోతే మరేంటి? అయినా తీర్పు తీర్పే. అందుకే ఇప్పుడు పార్టీల్లో ఉన్న కమిటీలన్నీ పార్టీ తనంతట తాను వేసుకున్నవే. మీరు చేరబోయే కమిటీకి బలమేమన్నా ఉంటే అది పార్టీ నియమావళిలో రాసుకున్న నాలుగు వాక్యాల నుంచే రావాలి.

ఇందులో రెండు మెలికలున్నాయి. పార్టీ ఆఫీసులో జీతానికి పనిచేసే అకౌంటెంట్, టైపిస్టు లాంటివాళ్ల సంగతి వేరు, అక్కడ ఉద్యోగ సంబంధం స్పష్టంగానే ఉంది. పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న చోటు గురించి ఫిర్యాదైతే జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి వెళ్లొచ్చు. విద్యార్థి సంఘంలో జరిగిన విషయమై, ఇద్దరూ అదే యూనివర్సిటీ వాళ్లైతే యూనివర్సిటీ అంతర్గత కమిటీకి వెళ్లే దారి కూడా ఉంది. యూజీసీ నిబంధనల ప్రకారం విద్యార్థుల వ్యవహారమైతే ఆ కమిటీలో విద్యార్థి ప్రతినిధులు కూడా కూర్చోవాలి. ఫిర్యాదు చేసినవాళ్లకు ఈ దారులన్నీ చెప్పడం మీ పనే. మా దగ్గరే తేల్చుకోండి అనకండి.

మరి మా కమిటీ చేతిలో ఏముంటుంది?

చట్టబద్ధమైన అంతర్గత కమిటీకి మనుషుల్ని పిలిపించడానికి, పత్రాలు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలు కొన్ని ఉంటాయి. మీకు అవేవీ ఉండవు. మీరు పిలిస్తే వాళ్లు రావచ్చు, రాకపోవచ్చు. చివరికి మీరు సిఫార్సు చేయగలిగేది హెచ్చరిక, పదవి నుంచి తప్పించడం, సస్పెన్షన్, బహిష్కరణ, ఇంతే. తక్కువే అనిపిస్తుంది గానీ రాజకీయాల్లో ఉన్నవాడికి మండల ఇన్‌ఛార్జ్ పదవి పోవడం చిన్న విషయం కాదు. అందుకే మీ మీద అంత ఒత్తిడి వస్తుంది.

చేరే ముందు పార్టీని ఏం అడగాలి?

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. చాలామంది దీన్ని అడగకుండానే, అన్న పిలిచాడనో అక్క చెప్పిందనో చేరిపోతారు. మీ నివేదిక ఎవరి చేతికి వెళ్తుంది? జిల్లా అధ్యక్షుడికే అయితే, ఫిర్యాదు ఆయన మీదే వస్తే, లేదా ఆయన బావమరిది మీద వస్తే ఎటు వెళ్తుంది? దీనికి రాతపూర్వకంగా జవాబు లేకపోతే చేరకండి. నోటిమాటగా "అలాంటిదేం జరగదులే అమ్మా" అంటే అసలు చేరకండి.

ఎందుకింత పట్టుదల అంటే, బ్రిటన్‌లో సోషలిస్ట్ వర్కర్స్ పార్టీ కథ తెలిస్తే అర్థమవుతుంది. అక్కడి కేంద్ర నాయకత్వంలోని ఒక వ్యక్తి మీద అత్యాచార ఆరోపణ వస్తే, దాన్ని పార్టీ వివాదాల కమిటీయే విచారించింది. కమిటీలో కూర్చున్నవాళ్లలో చాలామందికి ఆయన ఏళ్లుగా సహచరుడు. ఆరోపణ రుజువు కాలేదని తేల్చారు. 2013 జనవరి మహాసభలో దీని మీద జరిగిన చర్చ అక్షరం పొల్లుపోకుండా బయటికి వచ్చేసింది, ఫిర్యాదు చేసినవాళ్లను సొంత జీవితం గురించి ఎలాంటి ప్రశ్నలు అడిగారన్నది కూడా అందులో చర్చకొచ్చింది. ఆ ఏడాదంతా వందలమంది సభ్యులు పార్టీ వదిలి వెళ్లిపోయారు. ఆ కమిటీలోని వాళ్లు చెడ్డవాళ్లని నేననడం లేదు. నిజాయితీగా చేశామనే అనుకుని ఉండొచ్చు. కానీ పాతికేళ్ల స్నేహితుడి మీద వచ్చిన ఆరోపణను తూకం వేయగలనని అనుకోవడమే మొదటి పొరపాటు.

ఇంకా అడగాల్సినవి: కమిటీలో పార్టీకి సంబంధం లేని బయటి మనిషి ఒకరైనా ఉన్నారా, కనీసం సగంమంది మహిళలేనా (2013 చట్టం ఈ రెండూ కోరుతుంది, మీ పార్టీకి అది వర్తించకపోయినా ఆ కొలత వాడుకోవచ్చు), మిమ్మల్ని మధ్యలో తీసేసే అధికారం ఎవరికుంది, మీ సిఫార్సును పక్కన పెడితే కారణం రాతలో ఇవ్వాలా. ఈ చివరిది ఒప్పించడం కష్టం. అయినా అడగండి.

నేను లా చదవలేదు. పర్లేదా?

పర్లేదు. ఓపికగా వినడం, విన్నది మార్చకుండా రాయడం, నోరు కట్టేసుకోవడం వస్తే చాలు. మూడోది రానివాళ్లు ఎంత పెద్ద లాయరైనా వద్దు. అయితే సందేహం వస్తే ఫోన్ చేయడానికి ఒక లాయర్ తెలిసి ఉండటం మంచిది, ఆ లాయర్ మీ పార్టీ లీగల్ సెల్‌లో లేకపోతే ఇంకా మంచిది.

మగవాళ్లు చేరొచ్చా?

చేరొచ్చు, చేరాలి కూడా. మగవాళ్ల నుంచి కూడా ఫిర్యాదులొస్తాయి, ముఖ్యంగా కుర్ర కార్యకర్తల నుంచి. కానీ ఫిర్యాదు చేసిన అమ్మాయి మహిళా సభ్యులతోనే మాట్లాడతానంటే మీరు పక్కకు జరగాలి, నొచ్చుకోకూడదు.

ఎవరు చేరకూడదు?

టికెట్టో నామినేటెడ్ పోస్టో ఆశిస్తున్నవాళ్లు. మనసు మంచిదే కావచ్చు, కానీ మీకు పోస్టు ఇప్పించాల్సిన మనిషి మీదే ఫిర్యాదు వచ్చిన రోజు మీ నిద్ర పోతుంది. అలాగే పార్టీ సోషల్ మీడియా విభాగం నడిపేవాళ్లు వద్దు. వాళ్ల పనే ఏది బయటికి పోవాలో ఏది పోకూడదో చూడటం, ఇక్కడి పనికి అది పొసగదు. అన్ని గొడవలూ నేనే సర్దేస్తానని పేరున్న పెద్దమనిషి కూడా ఇక్కడ వద్దు, ఆ కారణం కింద రాజీ దగ్గర చెబుతాను.

మొదటి ఫోన్ వచ్చినప్పుడు ఏం చేయాలి?

వినండి. చాలాసార్లు అవతలి మనిషి అసలు విషయం చెప్పకుండా "ఊరికే ఒక మాట అడుగుదామని చేశాను" అంటూ మొదలుపెడుతుంది. తొందర పెట్టకండి. "నువ్వెందుకెళ్లావు అక్కడికి", "అప్పుడే ఎందుకు చెప్పలేదు", "ఆయన అలాంటివాడు కాదే" ఈ మూడు మాటలు మీ నోటి నుంచి రాకూడదు. చివరిది తెలియకుండానే వచ్చేస్తుంది, జాగ్రత్త.

విన్నాక ముందు అడగాల్సింది, ఇప్పుడు మీరున్నచోట భద్రంగా ఉన్నారా అని. రేపు అదే కారులో ప్రచారానికి వెళ్లాల్సి ఉందా, అదే ఆఫీసులో కూర్చోవాలా? ఆ తర్వాత, మీరేం జరగాలనుకుంటున్నారు అని. కొందరికి విచారణ కావాలి, కొందరికి అతనితో డ్యూటీ పడకుండా ఉంటే చాలు, కొందరికి ఎవరికో ఒకరికి చెప్పుకుంటే చాలు. మీకు నచ్చిన జవాబు వైపు వాళ్లను తోయకండి.

ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి. కమిటీలోని మిగతా సభ్యులకు చెప్పాలి, పిల్లల విషయమైతే పోలీసులకు చెప్పి తీరాలి. ఎవరెవరికి చెప్పాల్సి వస్తుందో ముందే చెప్పేయండి, ఆ తర్వాత ఎంత చెప్పాలో వాళ్లే నిర్ణయించుకుంటారు.

మెసేజ్‌లు, ఫోటోలు, కాల్ రికార్డింగ్‌లు ఉంటే డిలీట్ చేయొద్దని, ఫోన్ మార్చొద్దని అప్పుడే చెప్పండి. స్క్రీన్‌షాట్ పంపితే తీసుకోండి, కానీ అసలు ఫోన్‌లో ఉన్నదే రేపు కోర్టుకు పనికొస్తుంది.

పోలీసుల దగ్గరికి వెళ్లమనాలా, మనమే చూసుకోవాలా?

రెండూ వేర్వేరు దారులు, ఒకటి పట్టుకుంటే రెండోది మూసుకుపోదు. మేం విచారిస్తున్నాం కదా ఆగండి అని ఎవరినీ పోలీస్ స్టేషన్‌కి వెళ్లకుండా ఆపకండి. వెళ్లి తీరాలని బలవంతం కూడా చేయకండి. 112, మహిళల హెల్ప్‌లైన్ 181, తెలంగాణలో షీ టీమ్స్, జిల్లాల్లో సఖి కేంద్రాలు, వీటి గురించి చెప్పండి. సంఘటన వేరే ఊళ్లో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ కింద ఫిర్యాదు తీసుకోవాలి. పాదయాత్రల్లో, వేరే జిల్లా సభల్లో జరిగినవాటికి ఇది బాగా పనికొస్తుంది.

కేరళలో 2018లో అప్పటి అధికార పార్టీ ఎమ్మెల్యే ఒకరి మీద యువజన సంఘం మహిళా నేత ఫిర్యాదు చేస్తే, పార్టీ ఇద్దరు సభ్యులతో విచారణ కమిషన్ వేసి ఆ ఎమ్మెల్యేను ఆరు నెలలు సస్పెండ్ చేసింది. ఇది పోలీసులకు వెళ్లాల్సిన విషయం కదా అని అప్పట్లో పెద్ద గొడవే నడిచింది. తర్వాత 2020లో రాష్ట్ర మహిళా కమిషన్ అధ్యక్షురాలిగా ఉన్న అదే పార్టీ నాయకురాలు ఎం.సి. జోసెఫైన్, తన పార్టీయే కోర్టు, పోలీస్ స్టేషన్ కూడా అన్నట్టు మాట్లాడి తీవ్ర విమర్శలు ఎదుర్కొన్నారు. మీ కమిటీ గురించి ఎవరూ అలా అనుకోకుండా చూసుకోండి, మీరైతే అసలు అనుకోకండి.

ఒక్క విషయంలో మాత్రం మీ ఇష్టం, వాళ్ల ఇష్టం అంటూ ఏమీ లేదు. బాధితులు 18 ఏళ్ల లోపువాళ్లైతే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం సెక్షన్ 19 ప్రకారం, తెలిసినవాళ్లు ఎవరైనా సరే పోలీసులకు చెప్పాలి. చెప్పకపోవడం నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. విద్యార్థి సంఘాల్లో ఇంటర్ పిల్లలు ఎంతమంది ఉంటారో మీకు తెలుసు కదా. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

"ఇప్పుడు వద్దు, ఎలక్షన్లు అయ్యాక చూద్దాం" అంటే?

అంటారు, తప్పకుండా అంటారు. మన రాష్ట్రాల్లో ఎలక్షన్లు లేని ఏడాది ఏది? అసెంబ్లీ అయితే పంచాయతీ, అది అయితే మున్సిపాలిటీ, తర్వాత ఎమ్మెల్సీ, మధ్యలో ఉప ఎన్నిక. ఇంకా చెప్పాలంటే ఎన్నికల సమయంలోనే కార్యకర్తలు రాత్రిళ్లు కార్లలో తిరిగేది, లాడ్జిల్లో ఉండేది, ఫిర్యాదులు ఎక్కువగా వచ్చేది కూడా అప్పుడే. వాయిదా వేయడమంటే సరిగ్గా అవసరమైన సమయంలో కమిటీకి తాళం వేయడమే.

గడువులు ముందే రాసి పెట్టుకోవడం ఒక్కటే దీనికి మందు. 2013 చట్టం విచారణకు 90 రోజులు ఇస్తుంది. అమెరికాలో డెమోక్రటిక్ సోషలిస్ట్స్ ఆఫ్ అమెరికా అనే సంస్థ 2017 మహాసభలో చేసిన తీర్మానం ప్రకారం శాఖల్లో వేధింపుల ఫిర్యాదుల అధికారులుగా సభ్యులే స్వచ్ఛందంగా పనిచేస్తారు. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి ఏడు రోజుల్లో సమాచారం ఇవ్వాలి, అతను ఇంకో ఏడు రోజుల్లో రాతలో జవాబివ్వాలి. అలాంటి అంకెలు మీ నియమాల్లో ఉంటే, నాయకుడు ఫోన్ చేసినప్పుడు "గడువు అన్నా, నా చేతిలో లేదు" అనే మాట మీకు దొరుకుతుంది. ఆ ఫోన్ వచ్చిన తేదీ, సమయం కూడా ఫైల్‌లో రాసుకోండి. రాసుకుంటున్నానని ఆయనకు చెప్పండి కూడా. మాట మర్యాదగా మారిపోతుంది.

ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తితో ఎలా మాట్లాడాలి?

మర్యాదగా, తక్కువగా. ఆరోపణ ఏంటో స్పష్టంగా రాతలో ఇవ్వాలి, జవాబు చెప్పుకోవడానికి సమయమివ్వాలి, ఆయన చెప్పే సాక్షులను కూడా వినాలి. ఆయన్ను ముందే దోషిగా చూస్తే మీ నివేదిక నిలబడదు, నష్టపోయేది మళ్లీ ఫిర్యాదు చేసిన మనిషే. విచారణ నడిచేటప్పుడు ఇద్దరికీ కలిసి డ్యూటీలు పడకుండా చూడాలి. ఇక్కడ పార్టీలు చేసేదేంటంటే, ఆవిడను "కొన్నాళ్లు రెస్ట్ తీసుకో" అంటూ ఇంటికి పంపి ఆయన్ను వేదిక మీదే ఉంచుతాయి. పక్కకు జరగాల్సింది ఆయన, ఆవిడ కాదు.

ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి నిజం చెప్పించే సినిమా సీన్లు వద్దు.

సాక్షులే లేకపోతే?

చాలావాటికి ఉండరు. మీది క్రిమినల్ కోర్టు కాదు, అనుమానానికి తావు లేకుండా రుజువు కావాల్సిన పనిలేదు. జరిగి ఉండే అవకాశం ఎక్కువా, జరగకపోయి ఉండే అవకాశం ఎక్కువా అని తూచడమే. ఆ రాత్రి ఎవరికి ఫోన్ చేసింది, మర్నాడు మీటింగ్‌కి ఎందుకు రాలేదు, కారు ఏ దారిన వెళ్లింది, డ్రైవర్ ఏమంటాడు, ఇలాంటి చిన్న చిన్నవి కలిపి చూడండి. గతంలో అదే మనిషి మీద గుసగుసలున్నాయి కదా అని దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి. ఆ గుసగుసలాడినవాళ్లు వచ్చి చెబితే అది వేరే.

అబద్ధపు ఫిర్యాదులు, గ్రూపు రాజకీయాలు?

ఉంటాయా అంటే ఉండొచ్చు. పార్టీల్లో గ్రూపులున్నాయి, పదవుల కోసం ఎంతకైనా దిగేవాళ్లున్నారు. కానీ నాకు ఎదురైన సమస్య దాదాపు ఎప్పుడూ దీనికి తలకిందులుగానే ఉండేది. నిజమైన ఫిర్యాదును అవతలి గ్రూపు అందుకుని తన లెక్కలకు వాడుకుంటుంది, దాంతో ఇవతలి గ్రూపు "ఇదంతా కుట్ర" అంటుంది, మధ్యలో ఆ అమ్మాయి గొంతు ఎవరికీ వినబడదు. ఫిర్యాదుతో ఎవరికి లాభం అన్నది పక్కన పెట్టి, చెప్పింది జరిగిందా లేదా అన్నదే చూడండి. రుజువు కాకపోవడం, అబద్ధం చెప్పడం రెండూ ఒకటి కాదు. 2013 చట్టం కూడా ఆ తేడాను స్పష్టంగానే రాసింది.

పెద్దమనుషుల్లో కూర్చుని రాజీ చేసేస్తే తప్పేంటి?

ఊళ్లో పంచాయితీ అలవాటున్న మనకు ఇది సహజంగానే తోస్తుంది. తప్పంతా ఎక్కడుందంటే, రాజీ ఎప్పుడూ బలహీనుల మీదే వాలుతుంది. "నీ చెల్లెలు లాంటిదిరా, సారీ చెప్పు" అనగానే ఆయన నవ్వుతూ చెప్పేస్తాడు, శాలువా కప్పించుకుని వెళ్లిపోతాడు, ఆవిడ మాత్రం ఇక నోరెత్తకూడదు. ఆవిడే స్వయంగా, విచారణ మొదలవ్వకముందు, రాతలో అడిగితే ఆలోచించండి. డబ్బు ప్రస్తావన వస్తే అక్కడితో ఆపేయండి, చట్టం కింద నడిచే కమిటీల్లో కూడా డబ్బుతో రాజీ కుదర్చడానికి వీల్లేదు. ఆవిడ నాన్ననో అన్ననో పిలిచి ఒప్పించడం కూడా రాజీ కాదు. ఫిర్యాదు చేసింది వాళ్లు కాదు.

కులం పేరుతో తిట్టడం, పోస్టుల కోసం డబ్బులు తీసుకోవడం కూడా మేమే చూడాలా?

నియమాల్లో ఉంటేనే. డబ్బుల సంగతి క్రమశిక్షణ కమిటీకి వదిలేయడం మేలు, దాంతో దీన్ని కలిపితే రెండూ చెడతాయి. కులం విషయం అలా కాదు. వేధింపుల ఫిర్యాదుల్లో కులం చాలాసార్లు లోపలే ఉంటుంది, దళిత, ఆదివాసీ మహిళా కార్యకర్తల విషయంలో మరీను. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమయ్యే మాట, చేత ఉంటే ఆ సంగతి ఫిర్యాదుదారుకు తెలియజేయాలి. కమిటీ అంతా ఒకే కులం వాళ్లైతే ఎవరూ మీ దగ్గరికి రారు, ఇది మొహమాటం లేకుండా చెప్పాల్సిన మాట.

కాగితాలు, ఫోన్లు ఎలా?

కమిటీకి వాట్సాప్ గ్రూప్ వద్దు. ఒక్క ఫార్వర్డ్ చాలు. పేర్ల బదులు నంబర్లు వాడండి, ఫైళ్లు పార్టీ ఆఫీసు బీరువాలో పెట్టకండి, ఆ తాళం ఎంతమంది దగ్గరుందో మీకు తెలియదు. అత్యాచారం కేసుల్లో బాధితురాలి వివరాలు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 కింద నేరం, రెండేళ్ల దాకా శిక్ష. రిపోర్టర్ ఫోన్ చేస్తే "వ్యాఖ్యానించను" అని పెట్టేయండి. ఆఫ్ ది రికార్డ్ అంటూ ఏదీ చెప్పకండి.

నామీద పరువునష్టం దావా వేస్తారా?

బెదిరిస్తారు. అధికారం ఉన్నవాళ్లకు సద్భావంతో చేసే ఫిర్యాదుకు పరువునష్టం సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది, కానీ అది మీ కమిటీకి ఎంతవరకు వర్తిస్తుందో లాయర్‌ని ముందే అడిగి పెట్టుకోండి. నివేదిక వెళ్లాల్సినవాళ్లకు తప్ప ఎవరికీ వెళ్లకపోవడం, అందులో విశేషణాలు లేకపోవడం, ఈ రెండూ చాలావరకు కాపాడతాయి. "నీచుడు" అని రాయకండి. ఏ తేదీన ఏం చేశాడని తేలిందో రాయండి.

ఎంత సమయం పడుతుంది? నా మనసు తట్టుకుంటుందా?

కొన్ని నెలలు ఏమీ ఉండదు, ఒక్కోవారం మాత్రం మీ ఉద్యోగం, ఇల్లు అన్నీ పక్కకు పోతాయి. విన్నవి ఇంట్లో చెప్పుకోలేరు, అదే అసలు భారం. ఇద్దరు సభ్యులు కలిసే ప్రతి ఫిర్యాదూ చూడండి, అప్పుడు కనీసం మీలో మీరైనా మాట్లాడుకోవచ్చు. పార్టీలో కొందరు మీతో టీ తాగడం మానేస్తారు. కార్యక్రమాలకు పిలుపులు తగ్గుతాయి. ఇది జరగదని ఎవరైనా చెబితే వాళ్లు ఈ పని చేయలేదన్నమాట.

ఎప్పుడు తప్పుకోవాలి?

చట్టబద్ధ కమిటీల్లో సభ్యులకు గరిష్ఠంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది, మీరూ దాన్ని దాటకండి. ఫిర్యాదు మీ బంధువు మీదో, మీ గ్రూపు నాయకుడి మీదో వస్తే ఆ ఒక్క కేసు నుంచి రాతపూర్వకంగా తప్పుకోండి, కమిటీ నుంచి కాదు. మీ సిఫార్సులను కారణం చెప్పకుండా వరుసగా పక్కన పెడుతుంటే మాత్రం రాజీనామా చేయండి, ఎందుకు చేస్తున్నారో పేర్లు, కేసుల వివరాలు లేకుండా లేఖలో రాసి రాష్ట్ర కమిటీకి పంపండి. వెళ్లే ముందు, విచారణలో ఉన్న ఫిర్యాదుల వాళ్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి. మీ పేరు చూసి నమ్మి వచ్చినవాళ్లు వాళ్లు. ఫైళ్లు ఎవరి చేతికి వెళ్తున్నాయో, వద్దనుకుంటే ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చో లేదో వాళ్లకు తెలియాలి.